తూనికరాయి నీడ

ఆయన్ని మా వీధిలో అందరూ ముసుగాయన అనేవాళ్లు. మొహం దాచుకుని తిరిగే మనిషేం కాదు. ఫోటో తీసేటప్పుడు కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని అందులో దూరేవాడు, అందుకని ఆ పేరు పడింది. చెక్కతో చేసిన పెద్ద కెమెరా అది, మూడు కాళ్ల మీద నిలబడి ఉండేది. దాని వెనక ఒక గరుకు గాజు, ఆ గాజు మీద ఎదుటి మనిషి తలకిందులుగా కనిపించేవాడు. ముసుగులోంచి "కొంచెం గడ్డం దించండి" అని ఆయన అంటే నూతిలోంచి ఎవరో పిలిచినట్టుండేది.

స్టూడియోకి రెండు గదులు. ముందు గది భార్యది. చిన్న డిజిటల్ కెమెరా, కంప్యూటరు, తెల్ల గోడ ముందు ఒక స్టూలు. దరఖాస్తులకీ గుర్తింపు కార్డులకీ ఫోటోలు కావలసినవాళ్లు అక్కడ కూర్చుని క్షణాల్లో లేచిపోయేవాళ్లు. వెనక గది ఆయనది. దానికి ఆనుకుని కిటికీ లేని చీకటి గది. "నా గది ఇంటిని నడుపుతుంది, ఆయన గది ఆయన్ని నడుపుతుంది" అనేది ఆవిడ, వచ్చినవాళ్లందరితోనూ, ఆయన వింటుండగానే.

ఆ పెద్ద కెమెరాకి కావలసిన ఫిల్ము పళ్లెమంత ఉంటుంది. అసలైన ఫిల్ము దొరకడం మానేసి చాలా కాలమైంది. అందుకని ఆయన వేరే పనుల కోసం తయారైన ఫిల్ముల వెంట పడ్డాడు. మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సు నుంచి ప్లేట్లు చేసే ఫిల్ము తెచ్చాడు. దాంతో తీస్తే మొహంలో తెలుపూ నలుపూ తప్ప మధ్యలో ఏమీ మిగిలేది కాదు. "జైల్లో తీసినట్టున్నాయి" అంది భార్య. తరవాత విమానాల్లోంచి నేలను ఫోటో తీసే ఫిల్ము చుట్ట ఒకటి ఎక్కడి నుంచో సంపాదించాడు. ఎంత బరువు పెట్టి అణిచినా చాపలా చుట్టుకుపోయేది. చివరికి ఎక్స్-రే ఫిల్ము దగ్గర స్థిరపడ్డాడు. ఆసుపత్రులన్నీ కంప్యూటర్లలోకి మారిపోతున్న రోజులవి. ఎవరికీ అక్కర్లేని ఫిల్ము పెట్టెలు మూలల్లో పడి ఉండేవి.

అది మొండి ఫిల్ము. రెండు వైపులా మందు పూసి ఉంటుంది, తడిస్తే మీగడలా మెత్తబడుతుంది, గోరు తగిలితే గీత పడుతుంది. ముసుగాయన గోళ్లు చర్మం దాకా కత్తిరించుకునేవాడు. ట్రే అడుగున గాజు పలక పరిచి, ఒక్కొక్క ఫిల్మునే దాని మీద పడుకోబెట్టి కడిగేవాడు. ఆ ఫిల్ముకి ఎరుపు కనిపించదు కాబట్టి ఎర్ర బల్బు వెలిగించుకుని పని చేసుకోవచ్చు. కానీ అదే కారణంగా మనుషుల పెదాలు నల్లబడేవి, బుగ్గల ఎరుపు మచ్చలయ్యేది, అద్దంలో ఎప్పుడూ కనిపించని ముడతలు పైకి తేలేవి. ముసలివాళ్లు రాతిలో చెక్కినట్టుండేవాళ్లు. నేనూ ఒకటి తీయించుకున్నాను. ఆ మొహం నాదేనా అని అద్దం తీసి చూసుకున్నాను. అలాంటి ఫోటోల కోసమే జనం దూరం నుంచి వచ్చేవాళ్లు.

ఫిల్ము ఇచ్చేది ఆయన బావ. రెండు వీధుల అవతల పాత ఇనుము కొట్టు. ముందు తూకం, వెనక సామాన్ల గది, దాని పక్కనే వాళ్ల కాపురం. బావ గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. అక్క మాత్రం తమ్ముడి లాగే నిదానం. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. రోజంతా సామాన్ల గదిలో పీట మీద కూర్చుని రాగి తీగలు ఒలిచేది, మరలూ నట్లూ ఏరి డబ్బాల్లో వేసేది.

ఊళ్లో ఒక ఆసుపత్రి మూతపడినప్పుడు దాని సామాను బావ చేతికి వచ్చింది. మంచాలు, స్టాండ్లు, క్యాన్సర్ వార్డులోని ఒక పాత యంత్రం, వాటితో పాటు సీలు తీయని ఎక్స్-రే ఫిల్ము పెట్టెలు ఒక బండెడు. యంత్రం మాత్రం కాగితాల్లేకుండా కాపలావాణ్ణి పట్టుకుని బయటికి తెచ్చాడని తరవాత తెలిసింది.

"ఒరేయ్ ముసుగూ, నీ చెత్త కూడా నా చెత్తలోకే వచ్చి చేరింది, వచ్చి చూసుకో" అని కబురు పెట్టాడు.

స్టూడియోలో చెమ్మ ఎక్కువ. అందుకని పెట్టెలు బావ సామాన్ల గదిలోనే ఒక బల్ల మీద పేర్చి, కావలసినప్పుడల్లా ఒక్కటి తెచ్చుకునేలా మాట్లాడుకున్నారు. మొదట తెచ్చిన పెట్టెలు బంగారంలా పని చేశాయి.

కొన్ని వారాల తరవాత తెచ్చిన పెట్టెలో ఫిల్ము కొంచెం మసకగా వచ్చింది. దాన్ని ఆ పనివాళ్లు పొగ పట్టడం అంటారు. వెలుగు తగలకపోయినా ఫిల్ము మొత్తం బూడిదరంగుకి తిరుగుతుంది. పాతబడితే మామూలే. ఆయన కడిగే మందులో ఇంకో మందు కలిపి సర్దుకున్నాడు. తరవాతి పెట్టెలో పొగ ఇంకా ఎక్కువైంది.

పెట్టె కోసం వెళ్లినప్పుడు అక్క కుడిచేతి వేళ్లకి గుడ్డ కట్టి ఉంది.

"ఏమైందక్కా?"

"బొబ్బలురా. పాత బ్యాటరీల్లో నీళ్లు తగిలినట్టున్నాయి. తగ్గిపోతాయిలే."

బావ కుంటుతూ వచ్చాడు. తొడ మీద ఏదో కుట్టిందన్నాడు. పొద్దున్నుంచి కడుపులో తిప్పుతోందని, రెండుసార్లు వాంతి అయిందని కూడా అన్నాడు. అది కూడా నవ్వుతూనే చెప్పాడు. ముసుగాయన పెట్టె చంకన పెట్టుకుని వచ్చేశాడు.

ఆ పెట్టెలోని ఫిల్ముతోనే దర్జీ కుటుంబాన్ని తీశాడు. దర్జీ, అతని భార్య, మధ్యలో కూతురు. ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు, మంచి వెలుతురు. చీకటి గదిలో ఎర్ర దీపం కింద ఫిల్ము ట్రేలో వేసి అటూ ఇటూ ఊపుతుంటే మనుషుల కంటే ముందు ఇంకేదో పైకి వచ్చింది. ఫిల్మంతా చిక్కటి మసక, ఆ మసక మధ్యలో తేటగా ఒక ఆకారం. ప్రింటు వేస్తే అది తిరగబడి నల్లగా పడింది. ఆరు మూలలు, పైన ఒక వలయం, ఒక పక్కకి సాగిన తోక లాంటి నీడ. సరిగ్గా దర్జీ గుండెల మీద కూర్చుంది.

వాళ్లని మళ్లీ పిలిచి ఇంకో ఫిల్ము మీద తీశాడు. అదే ఆకారం, అదే చోట. ఈసారి దర్జీ జరిగి కూర్చున్నాడేమో, అది కూతురి మొహం మీదికి వచ్చింది.

దర్జీ ప్రింటు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏంటన్నా ఇది?"

"ఫిల్ములో ఏదో దోషం. డబ్బులేం ఇవ్వద్దు."

"డబ్బుల సంగతి కాదు. పిల్ల మొహం మీద ఏంటిది అని అడుగుతున్నా."

దర్జీ ఆ ప్రింటు అక్కడే బల్ల మీద బోర్లించి వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా మా వీధిలో ఆ మాటే. ముసుగాయన కెమెరాకి ఏదో కనిపిస్తోందన్నారు. అటు వెళ్లేవాళ్లు కూడా ఆ స్టూడియో ముందు నడక పెంచారు.

"కెమెరాకి చిల్లు పడిందేమో చూడండి" అంది భార్య.

"చిల్లు పడితే అంచులు మాడతాయి. ఇది అలా లేదు."

మర్నాడు ఆయన కెమెరా జోలికే పోలేదు. అదే పెట్టెలోంచి ఫోటో తీయని ఫిల్ములు కొన్ని తీసి, నేరుగా మందులో వేశాడు. మనుషులు లేరు, గది లేదు, ఆకారం మాత్రం అన్నిటిలోనూ ఉంది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే మూలకి మూల కలిసింది. అంటే అది కెమెరాలోంచి రాలేదు. సీలు వేసిన పెట్టెలో ఉండగానే, అట్టలోంచి, నల్ల సంచిలోంచి, ఫిల్ములన్నిటి గుండా ఒకేసారి దిగింది. ఎర్ర వెలుగులో ఆ ఆరు మూలల్ని చూస్తూ నిలబడితే అదేమిటో తెలిసిపోయింది. ఐదు కిలోల తూనికరాయి. పైన ఉన్నది పట్టుకునే వలయం.

బావ కొట్టుకి వెళ్లాడు. సామాన్ల గదిలో బల్ల మీద తరవాతి పెట్టె ఉంది, దాని మీద ఇనుప తూనికరాయి ఉంది.

"అట్ట పైకి లేస్తోందని నేనే పెట్టాన్రా" అంది అక్క పీట మీద నుంచి. "ఏం, పెట్టకూడదా?"

"ఏం లేదక్కా."

బరువుకి అచ్చు పడిందేమో అనుకున్నాడు. అలా పడదని ఆయనకే తెలుసు. ఒక ఫిల్ము కాగితంలో చుట్టుకుని, వీధి చివర ల్యాబులో ఎక్స్-రేలు తీసే ఆవిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడకి ఆయన పని ఇష్టం. ల్యాబులో మిగిలిన ఫిల్ము ముక్కలు దాచి ఇస్తుండేది.

ఆవిడ ఫిల్ముని దీపాల పెట్టెకి తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. తరవాత దగ్గరికి వచ్చి, ఆ సాగిన నీడ మీద వేలు పెట్టింది.

"ఈ పెట్టె ఎక్కడుందన్నా?"

"మా బావ కొట్లో."

"దాని మీద ఇనుప సామానేదైనా పెట్టారా?"

"తూనికరాయి."

ఆవిడ తన కోటు జేబుకి పెట్టుకున్న చిన్న బ్యాడ్జీని వేళ్లతో తిప్పుతూ ఉంది. ఎక్స్-రే గదిలో పని చేసేవాళ్ల ఒంటికి కిరణాలు ఎంత తగిలాయో చెప్పే బ్యాడ్జి అది.

"వెలుతురైతే అట్టలోకి దూరదు కదా. ఇది దూరింది. ఇనుము అడ్డం ఉన్నంత మేర కాస్త ఆగింది, అంతే. ఇది మేం రోజూ తీసే ఫోటో లాంటిదే అన్నా. కాకపోతే దీన్ని తీసింది ఏ యంత్రమూ కాదు. ఆ గదిలో ఏదో ఉంది, రోజంతా, ఆగకుండా తీస్తూనే ఉంది. నీడ ఇటు సాగింది చూడండి. అంటే దీనికి ఎదురు వైపు నుంచి వస్తోంది. అటేముంది?"

ముసుగాయన కళ్లు మూసుకుని ఆ గదిని గుర్తు చేసుకున్నాడు. బల్లకి ఎదురుగా గోడకి చెక్క అర. అర మీద మరల డబ్బాలు. అర కింద పీట. పీట మీద అక్క.

"నేను ఫోన్ చేస్తాను, ఇలాంటివి చూసుకునే ఆఫీసు ఒకటుంది" అంది ఆవిడ. "మీరు వెళ్లి వాళ్లని బయటికి పిలవండి. లోపలికి మాత్రం వెళ్లకండి. గుమ్మం దగ్గర నుంచే పిలవండి."

ఆయన పరిగెత్తాడు. ఆ వయసులో ఆయన పరిగెత్తడం మేమంతా చూశాం, ఎందుకో మాకు తెలియదు. కొట్టు గుమ్మంలో నిలబడి "అక్కా, బయటికి రా" అని అరిచాడు. పుట్టి బుద్ధెరిగాక తమ్ముడు అలా అరవగా వినలేదు కాబట్టి ఆవిడ చేతిలో తీగ చేతిలోనే పెట్టుకుని వచ్చేసింది. బావ తూకం దగ్గర నుంచి లేచాడు.

"ఏంట్రా, కొంప మునిగినట్టు?"

"ఆ ఆసుపత్రి యంత్రం విప్పావా బావా?"

"విప్పా. సీసం కోసం. అయితే?"

"లోపల ఏం దొరికింది?"

బావ నవ్వబోయి ఆగాడు. వేలెడంత స్టీలు ముక్క ఒకటి దొరికిందన్నాడు. చక్కగా మెరుస్తోందని కొన్నాళ్లు ప్యాంటు జేబులో వేసుకుని తిరిగాడట. తరవాత అర మీద మరలూ నట్లూ ఉన్న డబ్బాలో పడేశాడు. చెబుతూ చెబుతూ తెలియకుండానే చెయ్యి తొడ మీదికి పోయింది.

ముసుగాయన తనకి అర్థమైనంత చెప్పాడు. అక్క తన వేళ్ల గుడ్డ వైపు చూసుకుంది. బావ మొహంలో రంగు మారింది. అయితే ఆయన అడిగింది వేరే.

"ఇప్పుడు పోలీసులొస్తారా?"

"ఎవరొస్తే ఏంటి బావా, ముందు బయటికి రా."

"ఉండు, గల్లా పెట్టెకి తాళం వేసొస్తా" అని లోపలికి వెళ్లాడు.

ఎంతకీ రాలేదు. పెరటి వైపు స్కూటరు చప్పుడైంది. ముసుగాయన ఇంటి చుట్టూ తిరిగి వెళ్లేసరికి పెరటి తలుపు బార్లా తీసి ఉంది.

ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు, ఒక అధికారి, ఆయన వెంట కిరణాల్ని కొలిచే మీటరు పట్టుకున్న మనిషి. మీటరు మనిషి గది గుమ్మంలో ఆగి, ఒక్కో అడుగూ వేస్తూ వెళ్లి, అర దగ్గర నిలబడ్డాడు. అక్కడ ఒక డబ్బా తీసిన చోట దుమ్ములో గుండ్రటి జాడ ఉంది.

"ఇక్కడ ఇప్పుడేమీ లేదు సార్" అన్నాడు.

అధికారి మూలన పడి ఉన్న యంత్రం దగ్గర వంగి, కిరణాల్ని ఆపే సీసం గుండుని కోసిన చోటు వైపు చాలాసేపు చూశాడు. "మీ బావగారు ఎక్కడికి వెళ్లుంటారు?" అన్నాడు. బావ ఫోన్ ఎత్తడం లేదు. అక్కని ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేస్తుంటే, ముసుగాయన భార్యకి విషయం చెప్పి వద్దామని ఇంటికి నడిచాడు.

భార్య ముందు గదిలో ఎవరో అబ్బాయిని స్టూలు మీద కూర్చోబెట్టి తల సరిచేస్తోంది.

"ఎక్కడికెళ్లారండీ? అన్నయ్య వచ్చి ఇప్పుడే వెళ్లాడు. మాట్లాడమన్నా మాట్లాడలేదు. ఏదో డబ్బా ఇచ్చి, మళ్లీ వచ్చి తీసుకెళ్తానన్నాడు."

"ఏది?"

"మీ చీకటి గదిలో పెట్టా. మీ ట్రేల పక్కన."

"చేత్తో పట్టుకున్నావా?"

"మరి కాలితో పట్టుకుంటానా?"

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, స్టూలు మీద అబ్బాయిని రెక్క పట్టి లేపి, ఇద్దర్నీ వీధిలోకి లాక్కొచ్చాడు. ఆవిడ "ఏమైందండీ, ఏమైందండీ" అంటూనే ఉంది. ఆయన అక్కకి ఫోన్ చేసి, మీటరు మనిషిని పంపమన్నాడు. పక్క కొట్టువాళ్లని కూడా చేతులతో సైగ చేసి బయటికి రమ్మన్నాడు. అందరం ఎదుటి వైపు అరుగుల మీద నిలబడి, తలుపు తీసి ఉన్న ఆ స్టూడియో వైపు చూస్తూ ఉండిపోయాం. లోపల కంప్యూటరు తెర మీద ఆ అబ్బాయి మొహం వెలుగుతూనే ఉంది.

మీటరు మనిషి మా వీధిలోకి తిరిగేటప్పటికే అది కూయడం మొదలుపెట్టింది. పొడుగాటి పట్టుకారుతో, సీసపు పెట్టెతో ఇంకొందరు వచ్చి డబ్బా తీసుకుపోయేసరికి పొద్దు వాలింది. చీకటి గదిలో ఉన్న ఫిల్మంతా నల్లబొగ్గయింది.

బావ ఊరవతల చెరుకురసం బండి దగ్గర కూర్చుని ఉంటే దొరికాడు. లేవలేకపోయాడు. ఆసుపత్రిలో మంచం మీద ముసుగాయన చెయ్యి పట్టుకుని చెప్పాడు: "కేసవుతుందని భయమేసిందిరా. నీ చీకటి గదిలోకి ఎవడూ రాడు కదా అనుకున్నా. నీకేదో చెయ్యాలని కాదు."

"తెలుసు బావా."

తొడ మీది పుండు మానలేదు. డాక్టర్లు కోసి శుభ్రం చేసిన కొద్దీ లోతుకి పోయింది. నెత్తురికి విషం ఎక్కి, ఆ ఏటి వానలు తగ్గేలోపే ఆయన పోయాడు. ముసుగాయన భార్య వేళ్ల కొసలు ఎర్రబడి, పొట్టు లేచి, తగ్గాయి. అక్కకి కుడిచేతి రెండు వేళ్లు తీసేశారు. ఆవిడ తమ్ముడింటికి వచ్చేసింది. వచ్చిన కొన్నాళ్లకి, ఎడమచేత్తో టీ తాగడం నేర్చుకుంటూ, కోపం లేకుండా అడిగింది.

"నీ ఫిల్ము పాడైతే పదిమందిని అడిగి కనుక్కున్నావు. నా వేళ్లు పాడైనప్పుడు కనుక్కోవాలనిపించలేదేరా?"

ఆయన గ్లాసు కింద పెట్టి వెనక గదిలోకి వెళ్లిపోయాడు. ఆవిడ ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఆయన భార్యతో అన్నాడట.

అక్కడితో అయిపోలేదు. అలాంటి యంత్రంలో ఒక ముక్కే ఉండదని అధికారి అన్నాడు. బావ బతికుండగానే అడిగితే, మొదట గుర్తు లేదన్నాడు, తరవాత రెండున్నాయన్నాడు. రెండోది సీసం ముక్కలతో కలిపి ఎవరికో తూకానికి వేశానన్నాడు. ఎవరికో చెప్పలేకపోయాడు. మీటర్లు పట్టుకుని ఊరంతా తిరిగారు, పాత ఇనుము కొట్లన్నీ వెతికారు, ఏమీ దొరకలేదు. కరిగించే కార్ఖానాకి పోయుంటుందన్నారు. ఇంకెక్కడైనా ఉండొచ్చని కూడా అన్నారు. తరవాత తిరగడం మానేశారు.

ముసుగాయన ఫోటోలు తీయడం తగ్గించాడు. ఎక్స్-రే ఆవిడ ఇచ్చిన కొత్త ఫిల్ముని ఎర్ర దీపం కింద అరచేతంత ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని నల్ల కాగితంలో చుట్టి, అంచులు అంటించి, మా వీధిలో ఇంటింటికీ ఇచ్చాడు. తలుపు వెనకో, అటక మీదో పెట్టుకోమన్నాడు. మొదట నవ్విన వాళ్లున్నారు. దర్జీ అందరికంటే ముందు తీసుకున్నాడు, కూతురి మంచం కింద పెట్టాడు. కొన్ని వారాలకోసారి ఆయన పాతవి తీసుకుని కొత్తవి ఇస్తాడు. పాతవి ఇంటికి తెచ్చి మందులో వేస్తాడు. అక్క పక్కనే నిలబడి ఏ ముక్క ఎవరింటిదో చెబుతుంది.

ఇంతవరకూ అన్నీ తేటగానే వచ్చాయి, ఒక్కటి తప్ప. బస్టాండులో వెల్డింగు షాపతను వచ్చి అడిగి తీసుకెళ్లిన ముక్క ఒక అంచున లేతగా మసకబారి వచ్చింది. ఎక్స్-రే ఆవిడ దాన్ని దీపానికి పెట్టి చూసి, కాగితం మడతలోంచి వెలుతురు దూరి ఉండొచ్చంది. కాకపోవచ్చని కూడా అంది. ఆఫీసుకి ఫోన్ చేశారు. వాళ్లు రావడానికి టైము పడుతుందన్నారు. వెల్డింగు అతను ఈమధ్య కడుపులో బాగా లేదని షాపు సరిగా తెరవడం లేదు. ముసుగాయన వెళ్లి అతన్ని ఆసుపత్రికి పంపి, మూసిన షట్టరుకి ఇంకో ముక్క కట్టి వచ్చాడు. ఈసారి కాగితం రెండు పొరలుగా చుట్టాడు.